ముక్కున వేలు

మార్చి 2, సోమవారం, సాయంత్రం 6.40

జరిగినది జరిగిన క్రమంలో:

1. గత బుధవారం రేవు దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్న ఒక పెద్దాయనను పోలీసులు మా ఆసుపత్రికి తెచ్చారు. తల వెనుక దెబ్బ. మంచి బట్టలు, మెరుగు పెట్టిన బూట్లు. జేబుల్లో ఒక్క కాగితం లేదు.

2. ఆయనకు మన భాష రాదు, ఇంగ్లీషు రాదు. చొక్కా కాలరు లోపల కుట్టిన గుడ్డముక్క మీది అక్షరాలను బట్టి జపాన్ మనిషి అని తేలింది. ఆ అక్షరాలు చదివినది నేనే. అది బట్టల దుకాణం పేరు, మనిషి పేరు కాదు.

3. సూపరింటెండెంటు గారు ఎంబసీకి రాశారు. పేరు తెలియకుండా వెతకడం కష్టమని జవాబు వచ్చింది. నెలాఖరు లోపల పేరు తెలియకపోతే ఊరి బయట ఉన్న శరణాలయానికి పంపుతారు. అక్కడికి పంపినవారు ఇంటికి చేరినట్టు నేను వినలేదు. వారితో పంపిన దుప్పట్లు మాత్రం తిరిగి వస్తాయి. వాటిని సరిచూసుకునేది నేను.

4. నేను ఈ ఆసుపత్రి స్టోరు చూసేవాణ్ణి. ఎక్స్‌రే యంత్రం వచ్చిన పెట్టెల మీది రాత చదవాలన్న పట్టుదలతో ఒక పుస్తకం, ఒక క్యాసెట్టు పెట్టుకుని జపానీసు సొంతంగా నేర్చుకున్నాను. ఇంతవరకు ఒక జపాన్ మనిషితో మాట్లాడినది లేదు.

5. ఈ రోజు హెడ్ నర్సు స్టోరుకు వచ్చి, "స్టోరు గారూ, ఇన్నాళ్ళూ గోడలకు చెప్పుకున్నారు కదా, ఆ భాషేదో పెద్దాయనకు చెప్పండి. పేరొక్కటి రాబట్టండి, చాలు" అంది.

పైన రాసినవన్నీ నిజమని, ఇంటిపేరు కుదించకుండా, పూర్తి పేరుతో సంతకం చేస్తున్నాను.

మార్చి 3, మంగళవారం, ఉదయం 6.15

పుస్తకంలో పదో పాఠం మళ్ళీ చదివాను. దాని సారాంశం:

పేరు అడగదలచినవాడు ముందు తన పేరు చెప్పుకోవాలి. "నేను, నేను" అనకూడదు, అది గొప్పలు పోవడం కిందికి వస్తుంది. ప్రశ్నను పూర్తిగా అడగకూడదు. "మీ పేరు..." అని మొదలుపెట్టి, తక్కినది గాలికి వదిలేయాలి. జవాబు రాకపోతే తొందరపెట్టకూడదు. మరునాడు మళ్ళీ మొదటి నుంచి. కార్డు ఇచ్చేటట్టయితే రెండు చేతులతో, అక్షరాలు పుచ్చుకునేవారి వైపు తిరిగి ఉండేలా ఇవ్వాలి.

పాఠం పక్కన ఒక బొమ్మ ఉంది. ఒక మనిషి అరచేతులు రెండూ ముందుకు చాచి, తల వంచి ఉన్నాడు. ఆ భంగిమను అద్దం ముందు సాధన చేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమండీ, అద్దంలో ఆయన పేరు చెప్పాడా, ఇంకా బెట్టు చేస్తున్నాడా?"

"నవ్వు. రేపు ఒక మనిషి ఇంటికి చేరేది దీనివల్లే."

"చేరనివ్వండి. మీరు మాత్రం పాలు చల్లారకముందే వంటింటికి చేరండి."

పూర్తి పేరుతో సంతకం.

మార్చి 4, బుధవారం, ఉదయం 8.05

వార్డులో చివరి మంచం, కిటికీ పక్క. పెద్దాయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడి, అరచేతులు ఆయన వైపు చాచి, నా పూర్తి పేరు చెప్పి, నడుము నుంచి వంగాను. పైకి లేచి, ఆయన భాషలో "మీ పేరు..." అని, తక్కినది వదిలేశాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. తర్వాత చూపుడు వేలు ముక్కు కొన మీద పెట్టుకుని ఒక మాట అన్నాడు. చిన్న మాట. రేకుల కప్పు మీద మొదటి చినుకులు పడినట్టు ఉంది.

పక్క మంచం దుప్పటి మారుస్తున్న ఆయా కిసుక్కున నవ్వింది. "చూశారా స్టోరు గారూ, మీ జపానీసు విని పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు."

"అంత బాగుందా?"

"బాగుండి వేసుకున్నాడో, బాగాలేక వేసుకున్నాడో ఆయనకే తెలియాలి."

ఆ మాటను పుస్తకం చివరి పదపట్టికలో వెతికాను. లేదు. ఆశ్చర్యపడినప్పుడు మనుషులు అనే మాటలన్నీ పుస్తకాలకు ఎక్కవు.

పూర్తి పేరుతో సంతకం.

మార్చి 5, గురువారం, ఉదయం 8.10

నిన్నటిలాగే. వేలు ముక్కు మీద, అదే మాట. ఆయన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

పూర్తి పేరుతో సంతకం.

మార్చి 6, శుక్రవారం, ఉదయం 8.30

కార్డు తయారు చేశాను. మందుల పెట్టె అట్టను నున్నగా కోసి, పైన వారి అక్షరాల్లో, కింద మన అక్షరాల్లో నా పూర్తి పేరు రాశాను. రెండు చేతులతో అందించాను. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. దుప్పటి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, నా పేరు పైకి చదివాడు.

చివరి అక్షరాన్ని కొద్దిగా సాగదీశాడు.

ఇది రాసుకోవలసిన విషయం. ఇంట్లో నన్ను "ఏమండీ" అంటారు. అమ్మాయి "నాన్నా" అంటుంది. ఆసుపత్రిలో నేను స్టోరు గారిని. నన్ను పేరు పెట్టి పిలిచింది అమ్మ ఒక్కతే. చివరి అక్షరం సాగదీసి, వీధి చివరికి వినిపించేలా పిలిచేది. అమ్మ పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో నా పేరు నా చెవిన పడలేదని, ఈ ఉదయం పడ్డాక తెలిసింది.

రేపు మళ్ళీ వెళ్తాను. పని ఇంకా పూర్తి కాలేదు కదా.

మార్చి 7, శనివారం

నిన్న సంతకం పెట్టడం మరిచాను. ఈ రోజు పెట్టబోయి, ఎవరి కోసమని ఆగిపోయాను. ఈ డైరీ పుస్తకం నేను తప్ప చదివేవారు లేరు. ఇకపై సమయం వేయను, సంతకం పెట్టను. సిరా కలిసొస్తుంది.

మార్చి 10

పెద్దాయన నన్ను చూడగానే వేలు ముక్కు మీద పెట్టుకుని, ఈసారి ఆ చినుకుల మాట కాకుండా, నా పేరు అన్నాడు. ఆశ్చర్యాన్ని, నా పేరును కలిపేశాడు. నేను వంగాను. ఆయన మంచం మీదే వంగాడు.

హెడ్ నర్సు అడిగింది: "పేరు చెప్పాడా?"

"ఇంకా లేదు. నా పేరు మాత్రం బాగా వచ్చింది."

"మీ పేరుతో మాకేం పని?"

నిజమే.

మార్చి 11

ఆ చినుకుల మాట ఈ రోజు కూడా అనలేదు.

మార్చి 13

నా కార్డును ఆయన మంచం తలవైపు కమ్మీకి దారంతో కట్టారు. కట్టింది ఆయా.

"ఇది ఎవరి కార్డనుకున్నావు?"

"పెద్దాయనదేగా. పొద్దస్తమానం చేతిలో పెట్టుకుని చదువుకుంటుంటే, పారేసుకుంటాడేమోనని కట్టాను. అన్ని మంచాలకీ చీటీ ఉండి, ఈయన మంచం బోసిగా ఉందండీ."

"నా పేరేమిటో నీకు తెలుసా?"

"భలేవారే. స్టోరు గారు కాదూ?"

విప్పుదామని దారం ముడి పట్టుకున్నాను. అప్పుడే మందుల బండి తోసుకొస్తున్న నర్సు కార్డు చూసి ఆ పేరు పిలిచింది. నేను తలెత్తాను. పెద్దాయనా తలెత్తాడు. మాత్ర ఆయన చేతిలో పెట్టింది.

ముడి గట్టిగా ఉంది. కత్తెర తెచ్చి తర్వాత విప్పవచ్చు.

మార్చి 16

భోజనాల దగ్గర అమ్మాయి అడిగింది: "నాన్నా, అలా లెక్కపెడుతున్నావేంటి?"

చేయి చూసుకున్నాను. నేను ఎప్పుడూ బొటనవేలితో కణుపులు ఎంచుతాను. దుప్పట్లతో సహా స్టోరు లెక్కంతా ఆ కణుపుల మీదే నడుస్తుంది. ఇప్పుడు నా అరచేయి విప్పి ఉంది. బొటనవేలు ముందు ముడిచి, తర్వాత ఒక్కో వేలు లోపలికి మూస్తున్నాను. పెద్దాయన కిటికీలోంచి పావురాలను లెక్కపెట్టే పద్ధతి అది.

"ఇలా అయితే తప్పు పోదు" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు.

మార్చి 18

ఉద్యోగులకు కొత్త గుర్తింపు కార్డులు ఇచ్చారు. పెద్ద గదిలో కూర్చోబెట్టి, గుమాస్తా ఒక్కో పేరు పిలిచాడు. నా వరుస ఎప్పుడు వస్తుందా అని కూర్చున్నాను. వంటవాడు వెళ్ళాడు, డ్రైవరు వెళ్ళాడు, తోటమాలి వెళ్ళాడు. గది ఖాళీ అయింది. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు చూశాడు.

"ఏంటి గురువు గారూ, పిలిచి పిలిచి నా గొంతు ఎండిపోయింది. పక్కింటాయన్ని పిలుస్తున్నట్టు కూర్చున్నారేం?"

"ఫ్యాను చప్పుడు" అన్నాను.

ఫ్యాను తిరగడం లేదు. ఆయన పైకి చూశాడు.

మార్చి 19

స్టోరు తలుపును, పుస్తకంలోని జపాన్ ఇంటి తలుపులా, పక్కకు జరపబోయాను. అది లోపలికి తెరుచుకునే తలుపు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే.

మార్చి 22

మా ఆవిడ పెద్దాయనను చూస్తానంటే తీసుకువెళ్ళాను. శరణాలయానికి పంపేటప్పుడు ఆసుపత్రి బట్టలు విప్పించుకుంటారని, ఆయన సొంత చొక్కా నెత్తురు మరకలతో పాడైందని తెలిసి, నా నీలం గళ్ళ చొక్కా ఒకటి ఉతికి తెచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకుని, అక్కడే తొడుక్కున్నాడు. కొలత తీసినట్టు సరిపోయింది. ఆయన నాకంటే పొట్టి అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

తర్వాత ఆయన దగ్గాడు. రెండు చిన్నవి, ఒక పెద్దది.

"మీ దగ్గే" అంది మా ఆవిడ, నవ్వుతూ.

ఇంటి తాళం తీస్తూ, "ఏమండీ, ఆ కార్డు తీసెయ్యండి" అంది.

"రేపు."

మార్చి 24

కత్తెర స్టోరులో ఉంది. వార్డుకు వెళ్ళేటప్పుడు గుర్తుండదు.

మార్చి 26

ఎంబసీ నుంచి దుబాసీ వచ్చింది. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. రెండు భాషలూ ఆమె నోట కడిగిన గాజుల్లా ఉన్నాయి. మంచం పక్కన కుర్చీ వేసుకుని, ముందు తన పేరు చెప్పింది. తర్వాత, "మీ పేరు..." అని, ఆపింది. నేను నేర్చుకున్నట్టే ఆపింది. అందుకు లోలోపల సంతోషించాను.

పెద్దాయన వేలు ముక్కు మీద పెట్టుకుని నా పూర్తి పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా. ఉచ్చారణలో ఎక్కడా పొల్లు పోలేదు.

ఆమె కార్డు చూసింది. నన్ను చూసింది.

"ఇది మన వాళ్ళ పేరు కదండీ?"

"నాది" అన్నాను. "ముందు మన పేరు చెప్పుకోవాలని పుస్తకంలో ఉంది."

"ఎలా చెప్పారు? ఒకసారి చేసి చూపించండి."

చేసి చూపించాను. అరచేతులు చాచి, పేరు చెప్పి, వంగాను. నేను లేచేసరికి పెద్దాయన నాకు ప్రతిగా వంగి ఉన్నాడు. ఆమె కాసేపు పెదవి కొరుక్కుంది.

"బాబాయి గారూ, మీరు చేతులు ఆయన వైపు చాచారు. పేరు చెప్పారు. దండం పెట్టినట్టు వంగారు. ఆయన లెక్కలో మీరు ఆయన్ని ఆ పేరుతో పిలుస్తున్నారు. అందులోనూ తలకి దెబ్బ తగిలిన మనిషి. రోజూ ఎవరో వచ్చి, ఇంత మర్యాదగా పిలుస్తుంటే..."

"కాదని చెప్పవచ్చు కదా?"

"అంత వంగి పిలిచేవాణ్ణి, నువ్వు పొరబడ్డావని ఎలా అంటాడండీ? అక్కడి పెద్దవాళ్ళు అలా దిద్దరు. మొహమాటం. ఒకటికి రెండుసార్లు తన పేరు చెప్పి చూసి, ఊరుకుంటారు."

"మరి ముక్కున వేలు? ఆశ్చర్యపోయాడనుకున్నాం."

ఆమె నవ్వబోయి మానుకుంది. "మనం 'నేను' అంటే గుండె మీద చెయ్యి పెట్టుకుంటాం. వాళ్ళు ముక్కు చూపిస్తారు. అంటే 'నేను' అని."

కిటికీ బయట పావురాలు లేచాయి. పెద్దాయన వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. నేనూ ముడుస్తున్నానని గమనించి చేయి జేబులో పెట్టుకున్నాను.

"గుర్తు చేసుకోండి బాబాయి గారూ. ఈ పేరు అలవాటు కాకముందు, ముక్కు మీద వేలు పెట్టుకుని ఇంకేదైనా మాట అన్నారా? మొదటి రోజో, రెండో రోజో. ఒక్క ముక్క చాలు, వాళ్ళవాళ్ళని పట్టుకోవచ్చు."

పెద్దాయన నా వైపు తిరిగి, నా పేరు పిలిచాడు. చివరి అక్షరం సాగదీశాడు.

"లేదు" అన్నాను.

మార్చి 27

లేదు అన్నాను.

మార్చి 28

ఆ మాట మరిచిపోయానని నిర్ధారించుకోవడానికి, పొద్దుటి నుంచి గుర్తు చేసుకునే ప్రయత్నం చేశాను. మరిచిపోలేదు. గ్లాసులో నీళ్ళు పోస్తుంటే ఆ మాటే. చెప్పులు వదులుతుంటే ఆ మాటే. ఎవరో పిలిచినట్టు రెండుసార్లు వెనక్కి తిరిగాను.

నా పేరును కూడా అలాగే పైకి అని చూద్దామనుకున్నాను. ఈ పుస్తకం మొదటి పేజీ తెరిచి, సంతకం చూసి చదవవలసి వచ్చింది. చక్కని సంతకం. ఎవరో నిదానస్తుడు చేసినట్టుంది.

మార్చి 30

పెద్దాయనను ఈ రోజు పంపించారు. కార్డును కమ్మీ నుంచి విప్పి ఆయన చొక్కా జేబుకు పిన్ను పెట్టారు. నేను అభ్యంతరం చెప్పాను. సూపరింటెండెంటు గారు చేయి అడ్డంగా ఊపారు.

"అక్కడివాళ్ళకి పిలవడానికి ఒక పేరు కావాలి. మీది అరువిచ్చారనుకోండి. మీకేం తక్కువవుతుంది స్టోరు గారూ?"

వ్యాను మెట్ల దగ్గరికి వచ్చేలోగా ఒక పని చేయాలని నిశ్చయించుకున్నాను. ఆయన మాట ఆయనకు తిరిగి ఇచ్చేయాలి. వరండా బల్ల మీద నా నీలం గళ్ళ చొక్కాలో, బూట్లు మెరుగు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిలబడ్డాను. ఈసారి పొరపాటుకు చోటు లేకుండా, అరచేతులు ఆయన వైపు చాచి, ఆ చినుకుల మాట స్పష్టంగా పలికి, నడుము నుంచి వంగాను.

లేచేసరికి ఆయన కూడా నిలబడి ఉన్నాడు. ముఖం విప్పారింది. ఒక్క క్షణం తెలిసిందనుకున్నాను.

ఆయన ఆ మాటను మెల్లగా నాకు తిరిగి పలికి, తల ఊపాడు, కొత్తవారి పేరు విన్నప్పుడు ఊపినట్టు. కలుసుకున్నందుకు సంతోషమని తన భాషలో అన్నాడు. తర్వాత వేలు ముక్కు మీద పెట్టుకుని, నా పూర్తి పేరు చెప్పాడు.

తప్పు ఆయనది కాదు. ముందుగా వచ్చి, చేతులు చాచి, పేరు చెప్పి వంగితే, అది తన పేరు చెప్పుకోవడమని ఇన్నాళ్ళ తర్వాత ఎవరో ఆయనకు నేర్పి ఉంటారు. ఆ దుబాసీ అయి ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే నేర్పి ఉంటుంది.

మళ్ళీ చెప్పాను. ఆయన మళ్ళీ సంతోషించాడు.

అప్పుడు గేటు వైపు నుంచి మా ఆవిడ వచ్చింది. ఆయన ప్రయాణానికి ఫ్లాస్కులో టీ పోసి తెచ్చింది. ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, దూరం నుంచే పిలిచింది.

"ఏమండీ."

"ఆఁ, వస్తున్నా" అన్నాడు పెద్దాయన, మన భాషలో. రెండు చిన్న దగ్గులు, ఒక పెద్దది.

ఆమె ఆగిపోయింది. వరండాలో నీడగా ఉంది. ఆమెకు కనిపించింది నీలం గళ్ళ చొక్కా. ఆ వైపే రెండడుగులు వేసి, ముఖం పోల్చుకుని, ఫ్లాస్కు ఆయన పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి మోచేయి పట్టుకుంది.

"మీరెందుకు పలకలేదు?"

ఏదో చెప్పాను. వ్యాను వెళ్ళేవరకు ఆమె నా మోచేయి వదలలేదు.

మార్చి 31

ఎంబసీకి ఫోన్ చేశాను. దుబాసీ తీసింది.

ఆ మాట చెప్పాను. మొదటి రోజూ, రెండో రోజూ ముక్కు మీద వేలు పెట్టుకుని ఆయన అన్న మాట అదేనన్నాను. మొన్న లేదని చెప్పినది అబద్ధమన్నాను. కలం గీకిన చప్పుడు వినిపించింది. ఇలాంటి పేరుతో ఒకరి కోసం వాళ్ళ కూతురు ఊళ్ళన్నీ వెతుకుతోందని, తమ పట్టికలో ఉందని, ఈ సాయంత్రమే శరణాలయానికి మనిషిని పంపుతామని చెప్పింది.

"చాలా మేలు చేశారండీ. మాట చెప్పింది ఎవరని రాసుకోమంటారు? మీ పేరు..."

అంతవరకే అడిగి ఆపింది. తక్కినది గాలికి వదిలేసింది. మర్యాద తెలిసిన పిల్ల.

నేను ఆ మాటే చెప్పాను.

"అది ఆయన పేరు కదండీ, రాసుకున్నాను. మీ పేరు?"

మొదటి పేజీ తెరవడానికి పుస్తకం దగ్గర లేదు. ఆమె ఎదురు చూసింది. తొందరపెట్టలేదు. నేను ఫోన్‌కు వంగి, పెట్టేశాను.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఏమండీ" అని పిలిచింది.

ఎవరు పలుకుతారోనని వింటున్నాను.